విమానంలో చెవి చెప్పే అబద్ధాలు

శంషాబాద్‌లో విమానం నేల వదిలి నిమిషం కూడా అయివుండదు. అప్పటిదాకా హోరెత్తిన ఇంజన్ల చప్పుడు ఉన్నట్టుండి తగ్గుతుంది. కడుపులో ఏదో జారినట్టవుతుంది. కిటికీ దగ్గర మనవరాలు మేఘాల్ని చూసి కేరింతలు కొడుతుంటే, పక్కన తాతయ్య కళ్లు మూసుకుని సీటు చేతుల్ని గట్టిగా పట్టుకుంటాడు. ఆయన లెక్కలో విమానం పడిపోతోంది. నిజానికి అది పైకే పోతోంది.

సెలవులకు అండమాన్ వెళ్లాలని పిల్లల పట్టు. విశాఖ నుంచి ఓడలో అయితే రెండు మూడు రోజులు, శంషాబాద్ నుంచి విమానంలో రెండున్నర గంటలు. ఇంట్లో ఓట్లు వేస్తే తాతయ్య ఎలాగూ ఓడిపోతాడు.

విమానం పడిపోతోందనుకున్న ఆ పొరపాటు ఆయనది కాదు, లోపలి చెవిది. అక్కడ ఒక జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు సన్నగా పరుచుకుని ఉంటాయి. తల వంచినా అవి జరుగుతాయి, వాహనం వేగం మారినా జరుగుతాయి. ఏది జరిగిందో తేల్చేది కన్ను. కిటికీలో తెల్లటి మబ్బు తప్ప మరేమీ లేనప్పుడు ఆ సాయం దొరకదు. వేగం పుంజుకుంటున్నంతసేపూ విమానం ముక్కు ఉన్నదానికన్నా ఎక్కువ లేచినట్టు తోస్తుంది. 1,000 నుంచి 1,500 అడుగుల ఎత్తులో ఇంజన్ల శక్తి తగ్గించగానే ముక్కు కిందికి వాలినట్టు అనిపిస్తుంది. అలా తగ్గించడం ముందే అనుకున్న పని. ఈ భ్రమ పైలట్లకూ తప్పదు. అందుకే శిక్షణలో వాళ్లకు ఒంటిని కాదు, మీటర్లను నమ్మమని నేర్పుతారు.

కుదుపుల దగ్గరా ఇదే తంతు. ఒంటికి తెలిసేది ఎంత దూరం జారామన్నది కాదు, వేగం ఎంత హఠాత్తుగా మారిందన్నది. 2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 777 మయన్మార్ మీదుగా పోతూ తీవ్రమైన కుదుపుల్లో చిక్కుకుంది. విమానం వేల అడుగులు పడిపోయిందని వార్తలొచ్చాయి. కుదుపులో అది జారింది 4.6 సెకన్లలో 178 అడుగులని ప్రాథమిక దర్యాప్తులో తేలింది. బెల్టు పెట్టుకోనివాళ్లను పైకప్పుకు ఎగరేయడానికి ఆ మాత్రం చాలు. చాలామంది గాయపడ్డారు. 73 ఏళ్ల ప్రయాణికుడొకరు చనిపోయారు, గుండెపోటు కావచ్చన్నారు. విమానం మాత్రం బ్యాంకాక్‌లో మామూలుగానే దిగింది. బెల్టు లైటు ఆరిపోయాక కూడా బెల్టు వదులుగానైనా పెట్టుకోమనేది ఇందుకే.

రెక్కలు ఊగుతున్నాయని బెంగా? 1995లో బోయింగ్ 777 రెక్కల్ని పరీక్ష కోసం కావాలనే విరగ్గొట్టారు. వాడకంలో రాగల గరిష్ఠ భారానికి 154 శాతం వచ్చేదాకా అవి విరగలేదు.

అయితే అంకెలతో భయం పోదు. 2025 జూన్‌లో 260 మందిని బలిగొన్న అహ్మదాబాద్ విమాన ప్రమాదాన్ని టీవీలో రోజుల తరబడి చూసినవాళ్లు అదెలా మర్చిపోతారు? 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు, అంటే రోజుకు 460 మందికి పైగా. ఆ చావులు జిల్లా పేజీ దాటి రావు. నక్షత్రాల మధ్య ప్రయాణాల గురించి నవలలు రాసిన ఐజాక్ అసిమోవ్‌కే విమానమంటే జీవితాంతం భయం, మరి తాతయ్యనేం అంటాం!

పిల్లలు పక్కనుంటే ఇంకో చిక్కు. 1985లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఏడాది పిల్లల్ని గాజు పరిచిన బల్ల మీద పాకనిచ్చారు. గాజు కింద లోతు కనపడుతుంది, ఎదురుగా తల్లి ఉంటుంది. తల్లి నవ్వుతుంటే 19 మందిలో 14 మంది దాటారు. తల్లి ముఖంలో భయం కనపడినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. ఒళ్లో కూర్చున్న మనవడు కూడా ముందు చదివేది తాతయ్య ముఖాన్నే.

దిగేటప్పుడు మాత్రం అసలు ఇబ్బంది పిల్లలకే. ఎంత పైన ఎగిరినా క్యాబిన్‌లో గాలి ఒత్తిడిని 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతగా ఉంచుతారు. దిగుతుంటే అది పెరిగి చెవి గూబను లోపలికి నొక్కుతుంది. చెవినీ గొంతునూ కలిపే సన్నటి గొట్టం తెరుచుకుంటేనే ఉపశమనం, గుటక వేస్తే అది తెరుచుకుంటుంది. పిల్లల్లో ఆ గొట్టం ఇంకా ఇరుకు, జలుబు చేస్తే మరీ కష్టం. నిద్రలో గుటకలు తక్కువ కాబట్టి, విమానం దిగడం మొదలుపెట్టగానే పిల్లల్ని లేపి కూర్చోబెట్టాలి. చంటివాడికి పాలసీసా, పెద్దపిల్లలకు చూయింగ్ గమ్ అందించే పని తాతయ్యకు అప్పగిస్తే ఆయన చేతులు సీటును వదులుతాయి.