ఏసీ కొంటున్నారా? స్టార్లు మాత్రమే చూస్తే సరిపోదు.. ఈ లెక్క కూడా చూడండి!
ఎండలు ముదిరితే చాలు.. ఏసీ షోరూమ్‌లు కిటకిటలాడతాయి. అక్కడ చాలామందికి వచ్చే డౌట్ ఒక్కటే. త్రీ స్టార్ తీసుకోవాలా? ఫైవ్ స్టారా?

దీనికి జవాబు ఏసీపై ఉండే బీఈఈ స్టిక్కర్‌లోనే దొరుకుతుంది. ఏడాదికి 1,600 గంటలు, అంటే రోజుకు 8 గంటల చొప్పున 200 రోజులు వాడితే ఎన్ని యూనిట్లు కాలుతాయో దానిపై ఉంటుంది.

ఉదాహరణకు 1.5 టన్నుల త్రీ స్టార్‌కు 1,000, ఫైవ్ స్టార్‌కు 750 యూనిట్లు అనుకుందాం. తేడా 250 యూనిట్లు. యూనిట్‌కు రూ.9 చొప్పున ఏడాదికి రూ.2,250 మిగులుతుంది. ఫైవ్ స్టార్ ధర రూ.9,000 ఎక్కువైతే ఆ డబ్బు నాలుగేళ్లలో తిరిగొస్తుంది. రోజుకు 4 గంటలే వాడితే మాత్రం ఎనిమిదేళ్లు పడుతుంది. అలాంటప్పుడు త్రీ స్టారే మేలు.

స్టిక్కర్‌పై సంవత్సరం కూడా చూడండి. 2026 జనవరి నుంచి స్టార్ రేటింగ్ నిబంధనలు కఠినమయ్యాయి. పాత స్టాక్‌లోని ఫైవ్ స్టార్, కొత్త ఫైవ్ స్టార్ ఒకటి కావు.

ఇక ఫిట్టింగ్ ఖర్చు వేరే. అదనపు కాపర్ పైపు, స్టాండ్, స్టెబిలైజర్‌కు ఎంతవుతుందో బిల్లు కట్టకముందే అడగండి. ఔట్‌డోర్ యూనిట్‌ను గాలి ఆడే చోటే పెట్టించండి. వేడి బయటకు పోకపోతే ఎన్ని స్టార్లున్నా కరెంటు బిల్లు తగ్గదు.