చిల్గోజా పైన్ పెంపకం: తినే గింజ, మొలిచే గింజ

ఎండుఫలాల దుకాణాలలో జీడిపప్పు కంటే ఎంతో ఎక్కువ ధర పలికే సన్నని, పొడవైన గింజ చిల్గోజా. ఇది ఒక పైన్ వృక్షపు విత్తనం. దీని శాస్త్రీయ నామం పైనస్ జెరార్డియానా. తూర్పు అఫ్గానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతదేశాలలోని పొడి పర్వత లోయలు దీని స్వస్థలం. మన దేశంలో ప్రధానంగా హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ జిల్లాలో, సట్లెజ్ లోయ వాలులపై పెరుగుతుంది.

పైన్‌ను తెలుగులో దేవదారు అనడం కద్దు. అది సరికాదు, దేవదారు సెడ్రస్ ప్రజాతికి చెందిన వేరొక వృక్షం. కోస్తాలోని సరుగుడు కూడా పైన్ కాదు. సరుగుడులో సూదులవలె కనిపించేవి ఆకులు కావు, సన్నని రెమ్మలు.

చిల్గోజా సుమారు 1800 నుండి 3300 మీటర్ల ఎత్తున, రాతి నేలలలో, అల్ప వర్షపాతంతో, శీతకాలపు మంచు ఇచ్చే తేమతో జీవిస్తుంది. ఇంత దృఢమైన చెట్టుకు సంతానం మాత్రం అరుదు. అడవులలో ముదురు చెట్లే అధికం, లేతవి స్వల్పం. కారణం గింజ విలువే. శంకువులు విచ్చుకుంటే గింజలు రాలిపోతాయి కనుక, విచ్చుకోకముందే వాటిని కోసి, ఎండబెట్టి గింజలు తీస్తారు. కోతలో కొమ్మలు విరిగితే వాటిపై ఉన్న మరుసటి ఏటి లేత శంకువులూ నశిస్తాయి. తక్కిన అనేక పైన్ జాతుల గింజలవలె వీటికి గాలిలో ఎగిరే రెక్క ఉండదు. రాలిన కొద్ది గింజలు ఎలుకలకు, పక్షులకు ఆహారమవుతాయి. మొలిచినవాటిని మేకలు, గొర్రెలు మేస్తాయి.

నారుమడిలో పెంచడం సాధ్యమే కాని, ఓర్పు కావాలి. నూనె అధికంగా గల గింజ నిలవ ఉన్నకొద్దీ మొలకశక్తిని కోల్పోతుంది. కొత్త గింజనే వాడాలి. నీటిలో వేసి తేలిన తాలు గింజలను తీసివేసి, మిగిలినవాటిని తడి ఇసుకలో కొన్ని వారాలపాటు చల్లగా ఉంచితే మొలక మెరుగుపడుతుంది. తల్లివేరు లోతుకు పోతుంది కనుక పొడవైన సంచులు అవసరం. నీరు నిలిస్తే నారుకుళ్లు తెగులు సోకుతుంది. ముఖ్యమైన మరొక అంశం శిలీంధ్రం: పైన్ వేళ్లు కొన్ని శిలీంధ్రాలతో కలిసి పోషకాలను గ్రహిస్తాయి. అందుచేత ముదురు పైన్ చెట్ల కింది మట్టిని కొంత సంచి మట్టిలో కలుపుతారు. ఇది ఖర్చులేని పనే అయినా, దీనిని విస్మరిస్తే మొక్కలు పాలిపోయి గిడసబారవచ్చు. నాటిన తరువాత కంచె తప్పనిసరి. ఎదుగుదల అతి మందం కనుక మొక్క పశువుల నోటికి అందనంత ఎత్తు పెరిగేవరకు, అంటే ఎన్నో ఏళ్లు, ఆ కంచెను కాపాడాలి.

నారుమడి కంటే చౌకైన మార్గం కొన్ని చెట్ల శంకువులను కోయకుండా వదలడం. కిన్నౌర్ గ్రామస్థులకు ఈ అడవులలో గింజ సేకరించుకొనే సంప్రదాయ హక్కు ఉన్నది. ఒక కుటుంబం వదిలిన శంకువును మరొకరు కోసుకొనే అవకాశం ఉన్నంతవరకు ఎవరూ ఒంటరిగా వదలరు. ఏ చెట్లను వదలాలన్నది గ్రామమంతా కలిసి, కోతకు ముందే తేల్చుకోవలసిన విషయం.