మేం ఇక్కడి ప్రజలం కాదా?

ప్రశ్న: మాది సిరిసిల్ల. మా నాన్న సూరత్ జిల్లా పల్సానాకు మిల్లు పని కోసం వచ్చి చాలా ఏళ్లయింది. ప్రజాస్వామ్యం అంటే ప్రజల పాలన అని బళ్లో చెప్పారు. కానీ నాన్న ఓటు ఊళ్లోనే ఉంది. ఎందుకు? ఇక్కడ మేం ప్రజలం కాదా?

జవాబు: ప్రజాస్వామ్యం ఎంత పాతదో నీ సందేహమూ అంత పాతది.

ఇంగ్లీషులో డెమోక్రసీ అనే మాట గ్రీకు నుంచి వచ్చింది. ‘డెమోస్’ అంటే జనం, ‘క్రాటోస్’ అంటే అధికారం. డెమోస్‌కు ఊరు అనే అర్థం కూడా ఉంది. క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లెయిస్థెనీస్ అనే నాయకుడు ఏథెన్స్ పౌరుల లెక్కను ఊళ్లవారీగా కట్టించాడు. ఊళ్లూ పేటలూ కలిపి 139. అబ్బాయికి 18 ఏళ్లు రాగానే తండ్రి ఊరివాళ్లు అతని పేరు తమ పట్టీలో ఎక్కించేవారు. ఆ పేరుంటేనే ప్నిక్స్ గుట్ట మీద జరిగే సభలో చెయ్యెత్తే హక్కు. తర్వాత అతను పట్నంలో కాపురం పెట్టినా, మనవలు అక్కడే పుట్టినా, పేర్లు మాత్రం ఆ పాత ఊరి పట్టీలోనే ఉండేవి. మీ నాన్న ఓటులాగే.

వేరే రాజ్యాల నుంచి బతకడానికి వచ్చినవాళ్ల సంగతి ఇంకా కష్టం. వాళ్లను మెటిక్ (వచ్చి స్థిరపడినవాడు) అనేవారు. మగవాళ్లు ఏటా 12 ద్రాఖ్మాల పన్ను కట్టాలి, యుద్ధమొస్తే వెళ్లాలి, సభలో మాత్రం చోటు లేదు. ప్రజాస్వామ్యం మంచిచెడ్డల మీద అంత రాసిన అరిస్టాటిల్ కూడా స్టాగిరా నుంచి వచ్చినవాడే కాబట్టి ఏథెన్స్ సభలో ఓటేయలేకపోయాడు. ఆడవాళ్లకూ బానిసలకూ అసలే లేదు. అధికారం జనానిదే అన్నారు గానీ, జనమంటే ఎవరో ముందే గిరి గీసేశారు. అంత గొప్ప ఏర్పాటులో నన్ను బాధపెట్టేది ఇదే.

మన దేశం ఆ గిరిని వేరేగా గీసింది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం పౌరుడి తాతల ఊరు అడగదు, భాష అడగదు. 18 ఏళ్లు నిండాయా, మామూలుగా ఎక్కడ నివసిస్తున్నావు అనే చూస్తుంది. అద్దె ఇల్లయినా సరే. కొన్నాళ్ల పనికి వెళ్లి తిరిగొచ్చేవాళ్ల ఓటు ఊళ్లోనే ఉంటుంది. పల్సానాలోనే స్థిరపడితే ఇక్కడికి మార్చుకోవచ్చు. రెండు చోట్లా మాత్రం ఉండకూడదు.

మరి చాలామంది ఎందుకు మార్చుకోరు? గదులు తరచూ మారుతుంటారు. ఓటు తీసేస్తే ఊళ్లో ఇంటి మీద, పొలం మీద హక్కు పోతుందేమోనని కొందరి భయం. అది పోదు. ఊరితో ఉన్న చివరి దారం తెగుతుందన్న దిగులు మాత్రం నిజమైనదే, దాన్ని ఎవరూ తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ మీ వీధి మురుగుకాలువ, తాగునీళ్లు చూడాల్సింది ఇక్కడి పంచాయతీ. సిరిసిల్లలో వేసిన ఓటుతో ఇక్కడి సర్పంచ్‌ను గెలిపించలేరు, దించలేరు. అలాంటివాళ్ల మాట వినాల్సిన తొందర అతనికి ఉండదు.

నాన్న ఇక్కడే ఉండాలనుకుంటే ఫారం 8 నింపి, ఇప్పటి చిరునామా రుజువు జతచేసి బూత్ లెవెల్ ఆఫీసర్‌కు ఇవ్వాలి. ఓటు ఇక్కడికి మారుతుంది. నీకు 18 నిండాక నువ్వు నింపాల్సింది ఫారం 6. అందులో అప్పటికి నువ్వు ఎక్కడుంటే ఆ చిరునామా రాయి.