మేకపిల్ల పేరు మన బిడ్డలకు

"మా కిడ్స్‌ను కాన్వెంటులో చేర్చామండీ" అనే మాట ఇప్పుడు పల్లె సంఘాల్లోనూ వినబడుతున్నది. అది విని నొచ్చుకునే పెద్దలు కొందరున్నారు. కిడ్ అంటే మేకపిల్ల గదా, మత్తయి 25వ అధ్యాయంలో మేకలు ఎడమవైపున నిలిచాయి గదా, దేవుడిచ్చిన బిడ్డలను అలా పిలవవచ్చునా అని వారి సందేహం. కొట్టివేయదగిన సందేహం కాదు గనుక, ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చూద్దాం.

సుమారు వెయ్యి సంవత్సరాల క్రితం ఇంగ్లీషువారు మేకపిల్లను 'టిచ్చెన్' అనేవారు. ఆనాటి వారి సువార్త ప్రతులలో, తప్పిపోయిన కుమారుని ఉపమానంలో, పెద్ద కుమారుడు తనకు ఇవ్వలేదని సణిగినది ఈ 'టిచ్చెన్' గురించే (లూకా 15:29). 14వ శతాబ్దం చివర వెలువడిన విక్లిఫ్ బైబిలులో అదే వచనంలోకి 'కిడ్' వచ్చి కూర్చున్నది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులోనూ అదే. ఈ మాట డెన్మార్కు, నార్వేల నుండి ఓడలపై వచ్చిన వైకింగులది. 793లో లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచుకున్నది వారే. తరువాత వారిలో అనేకులు ఇంగ్లండులోనే నేల దున్నుకొని, మందలు కాచుకొని, క్రైస్తవులయ్యారు. మఠాన్ని దోచినవారి మాట పరిశుద్ధ గ్రంథంలో చేరడం మాకు ఆశ్చర్యమే.

పసివాడిని కిడ్ అనడం 16వ శతాబ్దం చివర మోటు మాటగా మొదలైంది. 17వ శతాబ్దంలో దాని నుండే 'కిడ్‌నాప్' పుట్టింది. 'నాప్' అంటే ఎత్తుకుపోవడం. పిల్లలను పట్టుకొని, ఓడలెక్కించి, అమెరికా తోటల్లో కూలికి అమ్మేవారు. మన దగ్గర మాత్రం? 1990లలో పత్తి విత్తన చేలలో క్రాసింగు పనికి ఎందరో ఆడపిల్లలను పంపింది కన్నవారే, ముందుగా అడ్వాన్సు పుచ్చుకొని. నొచ్చుకోవలసింది అక్కడ అని మా అభిప్రాయం. మాటలో ఏమున్నది? మేకపిల్ల, కోడిపిల్ల, ఆడపిల్ల అని మన తెలుగు అందరికీ ఒకే 'పిల్ల'ను పెట్టింది. పస్కా బలికి గొఱ్ఱెపిల్లే కాదు, మేకపిల్ల కూడా తగినదే (నిర్గమ 12:5).

ఇంకొక సంగతి. మేకపిల్ల కోసం సణిగిన ఆ పెద్ద కుమారుణ్ణి తండ్రి ఏమని పిలిచాడు? 31వ వచనంలో మన బైబిలు కుమారుడా అంటుంది. గ్రీకులో ఉన్న మాట 'టెక్నోన్', అంటే బిడ్డ.