కాయ పెద్దదే.. కొనే ఇల్లే చిన్నదైంది

రైతుబజారుకు మూడేసి కిలోల సొరకాయలు తెచ్చిన రైతు, మధ్యాహ్నానికి వాటిని సగానికి కోసి అమ్ముకోవడం చూస్తూనే ఉన్నాం. కోసిన ముక్క సాయంత్రానికి వాడిపోతుంది, అడిగిన రేటుకి ఇచ్చేయాల్సిందే. పక్కనే కిలో, కిలోన్నర లేత కాయలు పెట్టినాయన పొద్దున్నే బుట్ట ఖాళీ చేసుకుని పోతాడు.

మా ఇంటి సంగతే చెబుతా. మా అమ్మ వండే రోజుల్లో పదకొండు మందిమి. గుమ్మడికాయ తెస్తే రెండు పూటల్లో చెల్లిపోయేది. ఇప్పుడు ముగ్గురం. సగం సొరకాయ ఫ్రిజ్‌లో నాలుగు రోజులుండి చివరికి గేదె పాలవుతోంది.

జనాభా లెక్కలూ ఇదే చెబుతున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో 7.62 కోట్ల మందికి 1.68 కోట్ల కుటుంబాలు, అంటే ఇంటికి సగటున నలుగురున్నర. 2011లో 8.46 కోట్ల మందికి 2.10 కోట్ల కుటుంబాలు, ఇంటికి నలుగురే. జనం నూటికి 11 పెరిగితే కాపురాలు పాతిక పెరిగాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తల్లికి సగటున పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. 1992-93లో ఇది 2.6.

బియ్యం వ్యాపారులు దీన్ని ముందే పట్టారు. క్వింటా బస్తా పోయి పాతిక కిలోల సంచి వచ్చింది. (26 కిలోల సంచి మాత్రం 2022లో 25 కిలోల దాకా ప్యాకెట్ల మీద జీఎస్టీ వేశాక వచ్చింది, ఆ కథ వేరు.)

మరి రైతు ఏం చేయాలి? సొరకాయను పిందె పట్టిన 12-15 రోజుల్లో, గోరు దిగేంత లేతగా ఉన్నప్పుడే కోయాలి. బరువు కోసం వదిలేస్తే ముదిరిన కాయ తీగ బలమంతా లాగేసి కొత్త పిందెలు తగ్గుతాయి. కాబట్టి చిన్న కాయ కోస్తే మొత్తం దిగుబడి పోతుందన్న భయం వద్దు. కాకపోతే రెండు మూడు రోజులకోసారి కోయాలి. కూలీలతో అయితే గిట్టదు, ఇంటిల్లిపాదీ చేసుకునే అరెకరం రైతుకు వీలు. క్యాబేజీ అయితే 60×45 సెంటీమీటర్ల బదులు 45×30 దూరంలో నాటితే గడ్డ చిన్నగా వస్తుంది. నారు ఖర్చు మాత్రం పెరుగుతుంది.

అయితే కొనేదెవరో ముందే అడిగి తెలుసుకోండి. పెళ్లి వంటల వాళ్లు, పుచ్చకాయ ముక్కలు అమ్మే బండ్ల వాళ్లు ఇప్పటికీ పెద్ద కాయే ఏరుకుంటారు. రెండూ కలిపి ఒకే కుప్పగా పోస్తే రెండింటికీ చిన్న రేటే.

బూడిద గుమ్మడి సంగతి వేరు. వేరు కాపురం పెట్టిన ప్రతి గుమ్మానికీ ఒకటి కావాలి, దాన్ని ఎవరూ సగం కోసి కట్టరు.