వెనక్కి లాగు... ముందుకు తొయ్యి

1918 సెప్టెంబరు 19. మొదటి ప్రపంచ యుద్ధం చివరి అంకానికి చేరింది. అంతకు మూడేళ్ల ముందే విషవాయువునూ, నిప్పులు చిమ్మే యంత్రాలనూ కందకాల్లోకి దించిన జర్మనీ, ఆ రోజు అమెరికాకు ఓ నిరసన పత్రం పంపింది. ఫిర్యాదు ఫిరంగుల మీదా కాదు, ట్యాంకుల మీదా కాదు. బాతుల్ని కొట్టే తుపాకీ మీద! దానితో గానీ, దాని తూటాలతో గానీ పట్టుబడ్డ అమెరికన్ సైనికుడి ప్రాణాలకు పూచీ లేదని అందులో హెచ్చరిక.

ఆ తుపాకీ పేరు వించెస్టర్ మోడల్ 1897. పంప్ యాక్షన్ షాట్‌గన్. ఈ జాతి తుపాకులకు పుట్టినప్పటి నుంచీ తగాదాలే. ఎవరు ముందు కనిపెట్టారని కోర్టులో ఒకటి, యుద్ధంలో వాడొచ్చా అని దేశాల మధ్య ఒకటి, ఎన్ని తూటాలు నింపొచ్చని వేటగాళ్లకూ ప్రభుత్వానికీ మధ్య ఒకటి.

రెండు దెబ్బల తర్వాత

19వ శతాబ్దపు వేటగాడి చేతిలో ఉండేది జంట గొట్టాల తుపాకీ. మన బ్యాంకుల గుమ్మాల్లో కాపలాదారు భుజాన వేలాడే డబుల్ బ్యారెల్‌కు ముత్తాత అదే. రెండు దెబ్బలు కాల్చాక దాన్ని నడుం దగ్గర విరిచి, ఖాళీ తూటాలు లాగేసి, కొత్తవి పెట్టాలి. అంతలో బాతుల గుంపు అందనంత దూరం పోతుంది.

రైఫిళ్లకు ఈ చిక్కు 1860ల్లోనే తీరింది. షాట్‌గన్‌కు మాత్రం తీరలేదు. కారణం దాని తూటా. 12 బోరు అంటే, ఒక పౌండు సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు సరిపోయేంత గొట్టం. వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. అంత లావు తూటా, పైగా ఒళ్లంతా అట్ట. కాస్త నలిగినా, తడిసి ఉబ్బినా యంత్రంలో ఇరుక్కుపోతుంది.

ఈ పని తలకెత్తుకున్నవాడు క్రిస్టఫర్ స్పెన్సర్. అమెరికా అంతర్యుద్ధంలో పేరు తెచ్చుకున్న ఏడు తూటాల స్పెన్సర్ రైఫిల్ ఆయనదే. 1863 ఆగస్టులో దాన్ని అధ్యక్షుడు లింకన్ స్వయంగా కాల్చి చూశాడు. 1882లో సిల్వెస్టర్ రోపర్‌తో కలిసి పేటెంటు తీసుకుని, కనెక్టికట్‌లోని విండ్సర్‌లో స్పెన్సర్ కొత్త షాట్‌గన్ తయారీ మొదలెట్టాడు. వ్యాపార స్థాయిలో మార్కెట్లోకి వచ్చిన తొలి పంప్ షాట్‌గన్ అదే. అందులో గొట్టం వెనుక ద్వారాన్ని మూసే ఉక్కు దిమ్మ కిందికీ పైకీ ఊగేది. ఖాళీ తూటా నెత్తి మీదుగా ఎగిరి పడేది.

ఎడమ చేతి పని

మోడళ్లు మారినా మూలసూత్రం ఒకటే. గొట్టం కింద దానికి సమాంతరంగా ఇంకో గొట్టం ఉంటుంది. అదే మ్యాగజైన్. తూటాలు అందులో ఒకదాని వెనుక ఒకటి పడుకుని ఉంటాయి. వాటిని ఓ స్ప్రింగు వెనక్కి నెడుతూ ఉంటుంది. మ్యాగజైన్ మీద చెక్క పిడి ఒకటి, సైకిల్ పంపు కొట్టినట్టు ముందుకీ వెనక్కీ జారుతుంది.

పిడిని వెనక్కి లాగితే, దానికి బిగించిన ఉక్కు కడ్డీ, గొట్టం వెనుక ద్వారాన్ని మూసే బోల్టు తాళం విప్పి బోల్టును వెనక్కి లాక్కొస్తుంది. కొక్కెం ఖాళీ తూటా అంచు పట్టుకుని బయటికి ఈడుస్తుంది. సుత్తి వెనక్కి వంగి నిలుస్తుంది. మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా ఒకటి ఎత్తుడు పలక మీదికి జారుతుంది. పిడిని ముందుకు తోస్తే పలక లేస్తుంది, బోల్టు ఆ తూటాను గొట్టంలోకి నెట్టి తాళం వేసుకుంటుంది.

ఇదంతా నడిచేది మనిషి బలంతోనే. పేలుడు వాయువు మీదో, వెనక్కి తన్నే ఊపు మీదో ఆధారపడదు. అందుకే తూటా బలహీనమైనదైనా, అసలు పేలకపోయినా పిడి లాగితే చాలు, అది బయటికి పోయి మరొకటి వస్తుంది.

పాత సామాన్ల వ్యాపారి దావా

తుపాకీ బాగున్నా స్పెన్సర్ కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. 1890లో యంత్రాలతో, పేటెంట్లతో సహా దాన్ని కొన్నవాడు న్యూయార్క్‌లో సైన్యం వదిలించుకున్న సామాన్లు అమ్మే ఫ్రాన్సిస్ బ్యానర్‌మన్. హడ్సన్ నదిలోని దీవిలో ఆయుధాల గిడ్డంగిగా కోటనే కట్టించిన మనిషి.

ఇంతలో వించెస్టర్ కూడా రంగంలోకి దిగింది. యూటాలోని ఆగ్డెన్‌కు చెందిన జాన్ బ్రౌనింగ్ చేత ఆ కంపెనీ మొదట చేయించింది లీవర్‌తో నడిచే మోడల్ 1887. లీవర్ తుపాకులంటే వించెస్టరే అన్న పేరును వదులుకోవడం కంపెనీకి ఇష్టం లేకపోయింది. షాట్‌గన్‌కు పంపే మేలన్నది బ్రౌనింగ్ మాట. చివరికి ఆయన మాటే నెగ్గి మోడల్ 1893 వచ్చింది.

బ్యానర్‌మన్ ఊరుకోలేదు. పంప్ యాక్షన్ హక్కు తనదేనంటూ దావా వేశాడు. వించెస్టర్ తరఫువారు ఐరోపా పేటెంటు కార్యాలయాల్లో దుమ్ము దులిపారు. 1854లో అలెగ్జాండర్ బెయిన్, 1866లో జోసెఫ్ కర్టిస్, అదే ఏడు విలియం క్రుట్ష్ బ్రిటన్‌లో తీసుకున్న పేటెంట్లు దొరికాయి. 1880 నాటి ఫ్రెంచి పేటెంటు మరొకటి. కాగితం మీది ఊహలేగా అని ఎదుటి పక్షం తీసిపారేయకుండా, ఆ పాత బొమ్మల ప్రకారం తుపాకులు చేయించి మరీ చూపించింది వించెస్టర్. 1897లో బ్యానర్‌మన్ ఓడిపోయాడు. స్పెన్సర్ తుపాకీ పుట్టుక వెనుక మరో మూడు దశాబ్దాల చరిత్ర ఉందని లోకానికి తెలిసింది ఈ కేసు పుణ్యమా అనే.

పొగ లేని మందు పెట్టిన పరీక్ష

కోర్టులో గెలిచినా మోడల్ 1893కు ఆయుష్షు లేకపోయింది. నల్ల తుపాకీ మందు కోసం రూపొందిన ఆ తుపాకీ, కొత్తగా వస్తున్న పొగ లేని మందు ఒత్తిడికి తగ్గట్టు తయారైంది కాదు. లోపాలు సరిదిద్ది, గట్టిపరిచి తెచ్చినదే మోడల్ 1897. అరవై ఏళ్లలో పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

దీనికి కొన్ని మొండి గుణాలున్నాయి. సుత్తి బయటికే కనిపిస్తుంది. పిడి లాగినప్పుడు బోల్టు వెనక్కి పొడుచుకొస్తుంది. ఆదమరిస్తే బొటనవేలు చీరేస్తుంది. ప్రతి దెబ్బకూ ట్రిగ్గర్‌ను వదిలి మళ్లీ నొక్కాలన్న కట్టడి ఇందులో లేదు. నొక్కి పట్టుకుని పిడి ఆడిస్తే చాలు, బోల్టు మూసుకున్నప్పుడల్లా పేలుతుంది. 1912లో థామస్ జాన్సన్ రూపొందించిన మోడల్ 12 సుత్తిని లోపల దాచేసింది. ట్రిగ్గర్ తీరు మాత్రం మారలేదు.

కందకంలో బాతుల తుపాకీ

1917లో యుద్ధంలోకి దిగిన అమెరికాకు ఇరుకు కందకాల్లో పొడుగు రైఫిల్ అడ్డమనిపించింది. మోడల్ 1897 గొట్టాన్ని 20 అంగుళాలకు కుదించి, వేడికి చెయ్యి కాలకుండా చిల్లుల రేకు కప్పి, ముందు బాయొనెట్ బిగించే ఏర్పాటు చేసింది. మ్యాగజైన్‌లో ఐదు, గొట్టంలో ఒకటి. ఒక్కో తూటాలో తొమ్మిది సీసపు గుళ్లు. బురదలో అట్ట తూటాలు ఉబ్బిపోతుంటే ఇత్తడివి చేయించారు.

1918 జులైలో ఒక అమెరికన్ సైనికుడు, సెప్టెంబరులో మరొకరు షాట్‌గన్‌లతో జర్మన్లకు చిక్కారు. అనవసర బాధ కలిగించే ఆయుధాలను నిషేధించే హేగ్ ఒప్పందాన్ని ఉల్లంఘించారన్నది జర్మనీ వాదన. సెప్టెంబరు 28న అమెరికా విదేశాంగ మంత్రి రాబర్ట్ లాన్సింగ్ దాన్ని తోసిపుచ్చాడు. మావాళ్ల మీద చెయ్యి పడితే ప్రతిచర్య తప్పదన్నాడు. ఆరు వారాల్లో యుద్ధమే ముగిసింది.

మూడు దాటకూడదు

బాతులకు మాత్రం ఏ విదేశాంగ మంత్రీ లేడు. హోటళ్ల కోసం గుంపులు గుంపులుగా కొట్టి అమ్మే వ్యాపారానికి 1918 నాటి వలస పక్షుల చట్టం తెరదించింది. 1930ల కరువులో చిత్తడి నేలలు ఎండి బాతుల సంఖ్య మరీ పడిపోయింది. 1935లో అమెరికా ప్రభుత్వం వలస బాతుల వేటకు వాడే తుపాకీలో మూడు తూటాలకు మించి ఉండకూడదని కట్టడి చేసింది. దాంతో మ్యాగజైన్ గొట్టంలోకి ఓ అడ్డుకర్ర వచ్చింది: రెండు తూటాలు పట్టేంత చోటే మిగిలి, మూడోది తుపాకీ గొట్టంలో ఉంటుంది.

1950లో రెమింగ్టన్ కంపెనీ తెచ్చిన మోడల్ 870 రేకును అచ్చులో నొక్కి చేసిన విడిభాగాలతో ధర దించి, వించెస్టర్‌ను వెనక్కి నెట్టింది. ఒక్క ఆ మోడలే కోటికి పైగా తయారైంది. దాన్ని పట్టుకుని బాతుల వేటకు బయల్దేరే అమెరికన్ నేటికీ ముందు చూసుకునేది అడ్డుకర్ర సరిగ్గా ఉందా లేదా అనే. లేకుంటే జరిమానా ఖాయం.