మాట వినిపించే మేఘాలు

ఖాళీగా ఉన్న పెద్ద హాలులో నిలబడి ఎప్పుడైనా గట్టిగా మాట్లాడి చూశారా? మాట ముగిసినా దాని మోత ఆగదు. ఒక మాట మీద మరొకటి పడి ఏదీ స్పష్టంగా వినబడదు. దీనికి కారణమేమిటి?

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 17 మీటర్ల దూరంలోని గోడను తాకి తిరిగి రావడానికి దానికి సెకనులో పదోవంతు పడుతుంది. అంత ఆలస్యంగా వచ్చిన శబ్దాన్ని చెవి వేరుగా గుర్తిస్తుంది. అదే ప్రతిధ్వని. కాని సెకనులో ఇరవయ్యోవంతు లోపలే తిరిగి వచ్చిన శబ్దం అసలు మాటతో కలిసిపోయి దానికి బలమిస్తుంది. కనుక పరావర్తనం చెందిన శబ్దం త్వరగా వస్తే మేలు చేస్తుంది, ఆలస్యమైతే చెరుపు చేస్తుంది.

దక్షిణ అమెరికాలో వెనిజులా దేశపు రాజధాని కారకాస్. 1950ల మొదట్లో అక్కడ విశ్వవిద్యాలయ భవనాలను నిర్మిస్తున్న వాస్తుశిల్పి కార్లోస్ విల్యనువేవాకు ఈ చిక్కే ఎదురైంది. ఆయన తలపెట్టిన 'ఔలా మాగ్నా' సభామందిరంలో సుమారు 2,700 మంది కూర్చోవాలి. మందిరం విసనకర్రలా విచ్చుకొని ఉంటుంది. పైకప్పు వంపు తిరిగినది. పుటాకార దర్పణం కాంతిని ఒకచోటికి చేర్చినట్లే అలాంటి కప్పు శబ్దాన్ని కొన్నిచోట్ల పోగుచేసి, మిగతాచోట్ల కొరత పెడుతుంది. మాట వినబడని సభామందిరం ఎంత అందంగా ఉంటే మాత్రం ఏం లాభం?

కప్పు కింద పలకలు వేలాడదీసి, శబ్దాన్ని త్వరగా శ్రోతల వైపు మళ్ళించాలని ధ్వనిశాస్త్ర నిపుణుడు రాబర్ట్ న్యూమన్ నిర్ణయించాడు. అదే సమయంలో విల్యనువేవా అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్‌ను ఒక వేలాడే శిల్పం చేయమని కోరాడు. దాన్ని హాలు వెలుపలి వసారాలో పెట్టాలని మొదటి ఆలోచన. కాల్డర్ మాత్రం హాలు లోపలే చోటు కావాలన్నాడు. లోపలి కప్పంతా ధ్వని పలకలకే సరిపోతుందని తెలిసి, అయితే ఆ పలకలనే శిల్పంగా చేద్దామన్నాడు! ఆయన 1919లో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నవాడు కూడా.

ఇదెలా సాధ్యమైంది? పలక రంగు ఏదైనా శబ్దానికి ఒకటే. అంచు వంకరగా ఉన్నా పెద్ద తేడా రాదు. వెడల్పు, బరువు, ఎత్తు, వాలు మాత్రం ముఖ్యం. సెకనుకు 340 కంపనాలున్న శబ్దపు తరంగదైర్ఘ్యం 1 మీటరు. పలక అంతకంటే బాగా చిన్నదైతే శబ్దం దాన్ని చుట్టుకొని పోతుంది. మరీ తేలికైతే పలకే కంపించి శబ్దశక్తిని మింగేస్తుంది. అందుకే పెద్ద పెద్ద బరువైన పలకలు కావలసివచ్చాయి. ఆకారం, రంగు శిల్పి వంతు. కొలతలు, వాలు ఇంజనీరు వంతు. 1953లో మందిరం సిద్ధమయ్యేసరికి రంగురంగుల పలకలు 31 అమరాయి. ఎక్కువ భాగం కప్పు కింద వేలాడుతుంటే, కొన్ని పక్కగోడలపై ఉన్నాయి. వాటిని 'తేలే మేఘాలు' అంటారు. 2000లో ఈ విశ్వవిద్యాలయ నగరాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

వంకరటింకర పలకను తాడుకు కడితే ఒరిగిపోదా? మీరే చేసి చూడండి. దళసరి అట్టను మేఘం ఆకారంలో కత్తిరించండి. అంచున మూడుచోట్ల రంధ్రాలు చేయండి. ఒక్కొక్క రంధ్రం నుంచి గుండుసూదితో వేలాడదీసి, అదే సూదికి చిన్న రాయి కట్టిన దారం తగిలించి, దారం వెంట గీత గీయండి. మూడు గీతలూ ఒకే బిందువు వద్ద కలుస్తాయి. అదే అట్ట గరిమనాభి. అక్కడ దారం కడితే మేఘం సమతలంగా నిలుస్తుంది. కాస్త పక్కకు జరిపి కడితే వాలుతుంది. ఎంత జరిపితే ఎంత వాలిందో కోణమానినితో కొలిచి పట్టిక వేయండి.